ఫ్లాప్ మీద బెట్టా, చెక్కా? ఏస్-క్వీన్‌తో ఆడిన రెండు ఆటలు

బెళ్ళందూరు_బటన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. బెంగళూరులో శనివారం రాత్రుళ్ళు ఆరుగురం కూర్చునే నో-లిమిట్ హోల్డెమ్ గురించి (పోకర్లో ఒక రకం: చేతిలో రెండు ముక్కలు, నేల మీద అందరికీ కలిపి ఐదు, పందెం ఎంతైనా) అడుగుతున్నాను. డబ్బు లేదు, చిప్స్ లెక్కే. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) 50-100, ఒక్కొక్కరి ముందు 10,000. నా సమస్యంతా ఫ్లాప్ దగ్గరే, అంటే నేల మీద మొదటి మూడు ముక్కలు పడగానే.

మొదటి ఆట. నేను బటన్, అంటే ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడేవాణ్ణి. చేతిలో ఇస్పేట్ ఏస్, డైమన్ క్వీన్. 250కి పెంచాను. స్మాల్ బ్లైండ్ పడేశాడు, బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు (అంతకి అంతా పెట్టాడు). పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 550. ఫ్లాప్ ఆటీన్ కింగ్, డైమన్ 7, కళావర్ 2. అతను చెక్. నాకేం తగల్లేదు (జత కుదరలేదు) కాబట్టి నేనూ చెక్, అంటే ఏమీ వెయ్యకుండా వంతు దాటించాను. టర్న్‌లో (నాలుగో ముక్కగా) 9 పడింది, అతను 350 వేశాడు, నేను వదిలేశాను.

రెండో ఆట. మళ్ళీ బటన్, మళ్ళీ అవే రెండు ముక్కలు, ఎదురుగా అదే బిగ్ బ్లైండ్, పాట్ మళ్ళీ 550. ఫ్లాప్ ఆటీన్ 9, ఆటీన్ 8, కళావర్ 6. అతను చెక్. ప్రతిసారీ చెక్ చేస్తే అలుసైపోతానని ఈసారి 300 వేశాను. అతను 900కి లేపాడు. మళ్ళీ వదిలేశాను.

ఇన్నాళ్ళూ నా లెక్క ఒకటే: తగిలితే బెట్, తగలకపోతే చెక్, మధ్యమధ్యలో ఓ బ్లఫ్. దీన్ని ఎక్కడ మార్చుకోవాలి? బెట్ వేస్తే ఎంత వెయ్యాలి?

కళావర్_రాజు:

తమ్ముడూ, రెండూ తారుమారయ్యాయి. మొదటి ఫ్లాప్ మీద బెట్ వెయ్యాల్సింది, రెండో దాని మీద చెక్ చెయ్యాల్సింది. నీ చేతిలో ముక్కలు రెండుసార్లూ ఒకటే, తగలకపోవడమూ ఒకటే. అయినా జవాబులు వేరు. అంటే నిర్ణయం నీ ముక్కల్లో లేదు, నేల మీద పడిన మూడు ముక్కల్లో ఉంది. మనవాళ్ళు రమ్మీ నుంచి వస్తారు గదా, చూపు చేతిలోంచి పైకి లేవదు. ఇక్కడ ముందు నేల చూడాలి, తర్వాత ఎదుటివాడు కాల్ చేసి తెచ్చుకున్న ముక్కలేమై ఉంటాయో ఊహించాలి, చేతివైపు చివర్న చూడాలి.

ముందు ఒక మామూలు లెక్క. జత కాని రెండు ముక్కలతో ఫ్లాప్ చూసినవాడికి కనీసం ఒక జత తగిలేది నూటికి 32 సార్లే, మిగతా 68 సార్లు తగలదు. నీకూ అంతే, అతనికీ అంతే. కాబట్టి 'తగిలితేనే బెట్' అని కూర్చుంటే మూడింట రెండు ఫ్లాపులు నువ్వే అప్పగిస్తున్నట్టు. ఎవరూ తగలని పాట్‌ని ముందు అడిగినవాడు తీసుకుంటాడు. అయితే ఏ ఫ్లాప్ మీద అడిగితే నమ్ముతారన్నదే అసలు సంగతి.

కింగ్-7-2 చూడు. మూడు ముక్కలు, మూడు గుర్తులు. ఫ్లష్ (ఒకే గుర్తు ఐదు) డ్రా లేదు, స్ట్రెయిట్ (వరసగా ఐదు) డ్రా అని చెప్పుకోదగ్గదీ లేదు; డ్రా అంటే ఇంకో ముక్క వస్తే కుదిరే చెయ్యి. ఈ నేల మీద గట్టి చేతులు ఎవరి దగ్గరున్నాయో ముక్కలు లెక్కపెట్టి చూద్దాం. బటన్ నుంచి లేపిన నీ దగ్గర రెండు ఏసులు ఉండొచ్చు, నాలుగింట్లో ఏ రెండైనా, 6 రకాలు. రెండు కింగులు, నేల మీద ఒకటి పోయింది కాబట్టి 3 రకాలు. ఏస్-కింగ్ 12 రకాలు. బిగ్ బ్లైండ్ దగ్గర ఇవి ఉండి ఉంటే ఫ్లాప్ దాకా ఊరుకోడు, నీ 250 మీద మళ్ళీ లేపి ఉండేవాడు. కాల్ మాత్రమే చేశాడంటే ఆ 21 రకాలూ అతని వైపు దాదాపు లేనట్టే. అతనికున్న గట్టివి: చేతిలోనే 7 జత (నేల మీది 7తో మూడవుతాయి) 3 రకాలు, 2 జత 3 రకాలు, ఒకే గుర్తు కింగ్-7 రెండు, కింగ్-2 రెండు. వీటిలో 7 జత, 2 జత నీకూ ఉండొచ్చు. అంటే ఈ నేల నీది. ఏస్-క్వీన్ అయినా, జాక్-10 అయినా, 5 జత అయినా పాట్‌లో మూడో వంతు పెట్టి అడగొచ్చు.

550కి మూడో వంతంటే 180 అనుకో. నువ్వు 180 పెట్టి 550 కోసం చూస్తున్నావు. 180ని 730తో భాగిస్తే సుమారు 25 శాతం. అతను నాలుగుసార్లకి ఒకసారి పడేసినా, నీ చేతిలో ఏమీ లేకపోయినా నష్టం ఉండదు. పైగా నీ చెయ్యి ఉత్తది కాదు. అతని దగ్గర 7 ఉంటే నీకు ఇంకా మూడు ఏసులు, మూడు క్వీన్లు, మొత్తం 6 ముక్కలు పనికొస్తాయి. రివర్ (చివరి, ఐదో ముక్క) దాకా చూస్తే 24 శాతం.

ఇప్పుడు 9-8-6. రెండు ఆటీన్లు. ఇదే లెక్క ఇక్కడ వేస్తే కథ తిరగబడుతుంది. బిగ్ బ్లైండ్ కాల్ చేసిన చేతుల్లో ఒకే గుర్తు 10-7 నాలుగు రకాలు, 7-5 నాలుగు రకాలు, రెండూ స్ట్రెయిట్లు. రెండు జతలు 9-8 మూడు, 9-6 రెండు, 8-6 రెండు. ఇవి కాక జత, దాంతో పాటు డ్రా ఉన్నవి బోలెడు. నీ దగ్గర రెండు ఏసులున్నా ఇక్కడ అది ఒక్క జతే, అదీ బెదురుతూ ఉండే జత. నల్ల ఏసులు రెండు పట్టుకున్నావనుకో. టర్న్‌లో 5, 7, 10 ఏవొచ్చినా నేల చెడుతుంది, అవి 12. వాటిలో లేని ఆటీన్లు ఇంకో 8. కనపడని 47 ముక్కల్లో 20 నీకు నచ్చనివే. ఏసుల పరిస్థితే ఇదైతే ఏస్-క్వీన్ సంగతి అడగాలా?

నీ 300 బెట్ చేసిన అసలు నష్టం 300 కాదు. అతను 900కి లేపాక నువ్వు 600 పెట్టి 2350 అయ్యే పాట్ చూడాలి, 25 శాతం పైగా గెలిచే చెయ్యి కావాలి, నీది కాదు, అందుకే వదిలేశావు, సరే. కానీ చెక్ చేసి ఉంటే టర్న్ ఉచితంగా చూసేవాడివి. 47లో 6 ముక్కలు, 13 శాతం. డబ్బులిచ్చి మరీ ఆ 13 శాతాన్ని పోగొట్టుకున్నావు.

బెట్ వేసే ముందు నిన్ను నువ్వు ఒక్క ప్రశ్న అడుగు: "వీడు లేపితే నేనేం చేస్తాను?" జవాబు 'ఆనందంగా ఆడతా' అయితే బెట్. 'బాధ లేకుండా పడేస్తా' అయినా బెట్ వెయ్యొచ్చు. 'అయ్యో' అనిపించే చెయ్యి అయితే చెక్.

జయనగర్_జాక్:

పైన రాజుగారు చెప్పినదానికి తోకలా ఒకటి. 9-8-6 మీద బ్లఫ్ అసలే వెయ్యొద్దని కాదు, సరైన చెయ్యితో వెయ్యాలి. ఆటీన్ కింగ్-క్వీన్ ఉంటే 9 ఆటీన్లు ఫ్లష్ ఇస్తాయి, అది రివర్ దాకా 35 శాతం. జాక్-10 ఉంటే 7 గానీ క్వీన్ గానీ, 8 ముక్కలు, 31 శాతం పైన. చాలామంది గమనించనిది క్వీన్-10. చూడ్డానికి ఏదో పై ముక్కలు రెండున్నట్టు ఉంటుంది గానీ 7 వస్తే 6 నుంచి 10 దాకా, జాక్ వస్తే 8 నుంచి క్వీన్ దాకా స్ట్రెయిట్. రెండు కన్నాలున్నా (వరస మధ్యలో ఖాళీలు) మొత్తం 8 ముక్కలే, ఓపెన్ ఎండెడ్‌తో (రెండు చివర్లలో దేనికి వచ్చినా కుదిరే వరసతో) సమానం. ఇలాంటి చేతులతో ఇక్కడ వేసేటప్పుడు 180 కాదు, 360 నుంచి 400 దాకా వెయ్యాలి. తడి నేల (డ్రాలు ఎక్కువున్నది) మీద చిన్న బెట్ వేస్తే డ్రాలన్నిటికీ చవగ్గా టికెట్ అమ్మినట్టే.

లెక్క గుర్తుండటానికి: పనికొచ్చే ముక్కల్ని రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో, ఒక్కటే మిగిలితే రెండుతో గుణించండి. 9 ముక్కలకి 36 వస్తుంది, అసలు 35. టేబుల్ దగ్గర అంతకంటే ఖచ్చితం అక్కర్లేదు.

ఇంకోటి, చిప్స్ సంగతి. 180 వెయ్యాలనుకుని నోరు మెదపకుండా 500 చిప్ ఒకటి పడేస్తే ఫ్లాప్ మీద అది 500 బెట్టే. చిల్లర అడిగే వీలుండదు. అంతకుముందు ఎవరైనా బెట్ వేసి ఉంటేనే ఆ ఒక్క పెద్ద చిప్ కాల్ కింద లెక్క. అందుకే ముందు "నూట ఎనభై" అని నోటితో చెప్పి, తర్వాత చిప్ ముందుకు జరపండి.

మూడుముక్కల_మేష్టారు:

రాజుగారి లెక్కలో తప్పు లేదు. కానీ బెళ్ళందూరు టేబుల్ మీద ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి కదండీ. అక్కడ సగం మంది సంక్రాంతికి ఊళ్ళో మూడు ముక్కలాట ఆడి చేయి తిరిగినవాళ్ళు. వాళ్ళకి 180 అంటే 'షో' అడగడానికి ఇచ్చే ఫీజు. నేల మీద 7 ఉండి చేతిలో 7 ఉంటే చాలు, రివర్ దాకా వదలరు. ఏస్ ఒక్కటి పైకున్నా వదలరు. మూడో వంతు బెట్‌కి నూటికి 25 మంది పడేస్తారన్న నమ్మకంతో ప్రతి పొడి నేల మీదా ఏస్-క్వీన్‌తో వేస్తూ పోతే, చాలాసార్లు టర్న్‌లో పాట్ పెద్దదై చేతిలో ఏమీ లేకుండా మిగులుతారు.

ఇలాంటి చోట నేను చెప్పేది వేరు. తగలనప్పుడు బ్లఫ్ తగ్గించండి, తగిలినప్పుడు సైజు పెంచండి. ఎంత తేడా వస్తుందో చూడండి. కింగ్-7-2 మీద మీ దగ్గర ఏస్-కింగ్, ఎదుటివాడు కింగ్-10 పట్టుకుని మూడు వీధులూ (ఫ్లాప్, టర్న్, రివర్) కాల్ చేసే రకం. ఫ్లాప్ మీద 180, ఆపైన టర్న్, రివర్ రెంటిలోనూ పాట్‌లో మూడింట రెండొంతులు వేస్తే: 180, తర్వాత 910 పాట్‌కి 600, తర్వాత 2110 పాట్‌కి 1400. మొత్తం 2180. అదే ఫ్లాప్ మీద 370తో మొదలుపెడితే: 370, తర్వాత 1290కి 860, తర్వాత 3010కి 2000. మొత్తం 3230. ఫ్లాప్‌లో 190 చిప్స్ తేడా రివర్ దాటేసరికి వెయ్యి పైన అయింది. కాల్ చేసేవాడికి చిన్న బెట్ వెయ్యడమంటే మన చిప్స్ వాడి జేబులో దాచుకోమన్నట్టే.

సాల్వర్ (సరైన ఆట లెక్కగట్టే ప్రోగ్రామ్) చెప్పింది సాల్వర్‌తో ఆడేవాడికి. 2015లో పియోసాల్వర్ వచ్చాక పొడి నేల మీద చిన్న బెట్ అన్నిటితో వెయ్యడం అందరికీ అలవాటైంది, మంచిదే. ఎదుటివాడు సరిగ్గా ఆడతాడన్న లెక్క మీద నిలబడ్డ జవాబు అది. వాడు పడెయ్యాల్సినంత పడెయ్యకపోతే జవాబు మార్చుకోవడం మన పని.

కళావర్_రాజు:

మేష్టారూ, సైజు పెంచమన్నది ఒప్పుకుంటాను. తగిలినప్పుడు 370, అందులో వాదనే లేదు. తగలనప్పుడు చెక్ అన్నచోటే ఒప్పుకోను. మీరు చెప్పినవాళ్ళు 7 జత వదలరు, నిజమే. కానీ జాక్-9, 10-8, 5-4 లాంటివి పట్టుకుని ఏమీ తగలనివాళ్ళు కూడా 180కి రారు కదా. బిగ్ బ్లైండ్ నుంచి చవగ్గా చూశాం కదా అని వచ్చిన ముక్కల్లో అలాంటివే ఎక్కువ. నాలుగోవంతు పడేస్తే చాలు, ఈ నేల మీద అంతకన్నా ఎక్కువే పడేస్తారు. మనం ఆపాల్సింది టర్న్‌లో. 180కి కాల్ వచ్చిందంటే ఏదో ఉందన్నమాట. అప్పుడు 3, 4 లాంటి చెత్త ముక్క పడితే చెక్ చేసి ఊరుకోవాలి. జాక్ గానీ 10 గానీ పడితే ఏస్-క్వీన్‌కి స్ట్రెయిట్‌కి ఇంకో 4 ముక్కలు కలుస్తాయి, అప్పుడు రెండో బెట్ ఆలోచించొచ్చు. అది కూడా పడేసే మనిషైతేనే.

ఒక్క బెట్‌తో ఆపడం బలహీనత కాదు. ఫ్లాప్‌లో వేశాం కాబట్టి టర్న్‌లోనూ వెయ్యాలన్న పంతమే చిప్స్ తినేస్తుంది.

బెళ్ళందూరు_బటన్:

చాలా థ్యాంక్స్ రాజన్నా, మేష్టారూ. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, మధ్యరకం చెయ్యి. కింగ్-7-2 మీద 8 జతో, క్వీన్ జతో ఉంటే? రెండు, మా టేబుల్ మీద ఎక్కువసార్లు ముగ్గురు నలుగురు ఫ్లాప్ చూస్తారు. ఒక్కడే ఎదురుగా ఉండటం అరుదు. అప్పుడూ ఇదే లెక్కా?

వేళచ్చేరి_చెక్:

చెన్నై నుంచి. రెండో ప్రశ్న ముందు, ఎందుకంటే మీ టేబుల్‌కి అదే ముఖ్యం. కాదు, లెక్క మొత్తం మారిపోతుంది.

ఒక్కడికి తగలకపోయే అవకాశం 68 శాతం అన్నారు గదా. ఇద్దరికీ తగలకుండా ఉండేది సుమారు 46, ముగ్గురికీ తగలకుండా ఉండేది 31. ఇందులో చేతిలోనే జత ఉన్నవాళ్ళు, డ్రా వచ్చినవాళ్ళు ఇంకా కలపలేదు. ముగ్గురు ఎదురుగా ఉంటే మూడింట రెండుసార్ల కంటే ఎక్కువే ఎవరికో ఒకరికి ఏదో ఉంది. పైగా ఒకడు కాల్ చేస్తే వెనకున్నవాడు కూడా లెక్క బాగుందని దిగుతాడు. అందుకని ముగ్గురు నలుగురున్న పాట్‌లో ఏస్-క్వీన్ తగలకపోతే కింగ్-7-2 అయినా సరే చెక్ చెయ్యండి. వేస్తే పైజత (నేల మీది పెద్ద ముక్కతో జత), గట్టి పక్కముక్క ఉన్న చెయ్యితోనో, ఏస్ ఉన్న ఫ్లష్ డ్రాతోనో వెయ్యండి. సైజు సగం పాట్‌కి తగ్గకూడదు.

మీరు ముందు ఆడాల్సిన చోట కూర్చుని ఉంటే ఇంకా ఎక్కువ చెక్ చెయ్యాలి. అండర్ ద గన్ (బిగ్ బ్లైండ్ పక్క చోటు) నుంచి లేపారు, బటన్ కాల్ చేశాడు, ఫ్లాప్ మీద ముందు మాట మీదే. రాజుగారి లెక్కంతా మీరు వెనక కూర్చున్నప్పటిది. ముందు ఆడేవాడు వేసిన బెట్‌కి కాల్ వస్తే టర్న్‌లోనూ కళ్ళు మూసుకుని ముందు ఆడాలి. అందుకే అక్కడ మంచి చేతుల్లో కూడా కొన్నిటిని చెక్‌లో ఉంచాలి. మీ చెక్ అంటే 'వదిలేశాడు' అని టేబుల్‌కి తెలిసిపోయిన రోజున బటన్‌మీద ఉన్నవాడు ఏ రెండు ముక్కలతోనైనా మిమ్మల్ని తోసేస్తాడు.

ఇక మధ్యరకం చేతులు. కింగ్-7-2 మీద 8 జత, క్వీన్ జత ఒకలా కనిపిస్తాయి: రెండూ కింగ్‌కి కిందే, రెండిటికీ కింగ్ ఉన్నవాడు పడెయ్యడు. కానీ చిన్న జతే ఎక్కువ బెట్ వెయ్యాలి. చాలామంది తిరగేసి ఆడేది ఇక్కడే. 8 జత ఉంటే ఎదుటివాడి జాక్-10కి 6 ముక్కలు మిమ్మల్ని దాటిస్తాయి, టర్న్ ఒక్కదాంట్లోనే 13 శాతం. 180 వేస్తే అలాంటివి వెళ్ళిపోతాయి, ఆ పడెయ్యడమే మీ లాభం. క్వీన్ జతకి ఆ బెడద తక్కువ. దాన్ని దాటేది ఏస్ ఒక్కటే. జాక్-10కి జాక్ వచ్చినా మీదే పైచెయ్యి. ఉచితంగా ఒక ముక్క చూపించినా పెద్ద ప్రమాదం లేదు కాబట్టి చెక్ చేసి, టర్న్‌లో అతనే వేస్తే కాల్ చెయ్యొచ్చు. చెక్ చేశారు కదా అని 7 జతవాడు ధైర్యం తెచ్చుకుంటాడు. మొత్తమ్మీద ఆ చెయ్యికి రెండు వీధుల విలువ ఉంది, మూడు లేదు. ఆ రెండూ ఏవి అన్నదే మన చేతిలో ఉంది.

నేల మీద జత పడితే, క్వీన్-5-5 లాంటివి, ఒక్కడే ఎదురుగా ఉంటే మళ్ళీ మూడో వంతు చాలు. మూడూ ఒకే గుర్తయితే, అందులో మీ దగ్గర ఆ గుర్తు లేకపోతే, ఏసుల జతైనా నెమ్మదిగా. ఏస్-7-2 కూడా కింగ్-7-2 లాంటిదే. కింగ్-క్వీన్-5, రెండు ఒకే గుర్తు అయితే నేల మనదే గానీ డ్రాలు చాలా ఉంటాయి, అక్కడ అన్నిటితో కాకుండా ఎంచుకుని పెద్దగా వెయ్యాలి.

మూడుముక్కల_మేష్టారు:

వేళచ్చేరి వారు చెప్పిన ముగ్గురు నలుగురి లెక్కే నా మాట కూడా. మన ఇళ్ళల్లో ఆడే ఆటకి అదే ముందు నేర్చుకోవాలి. అసలు ఫ్లాప్‌కి నలుగురు రావడమే తప్పుగా పెంచడం వల్ల. ముందే ఇద్దరు 100 పెట్టి లింప్ అయితే (పెంచకుండా ఊరికే వచ్చేస్తే) 250కి పెంచితే అందరూ వస్తారు. లింప్ చేసిన ఒక్కొక్కడికీ ఇంకో 100 కలిపి, 450 దాకా వెయ్యండి. ఫ్లాప్ సమస్య సగం అక్కడే తీరుతుంది.

బెళ్ళందూరు_బటన్:

చివరగా ఒక్కటి. ఎదుటివాడు చెక్ చెయ్యకుండా తనే ముందు బెట్ వేస్తే? మా వాడు ఒకడు 6-5-4 లాంటి ఫ్లాపులు వస్తే నా వంతు రాకముందే వేసేస్తాడు. అది తప్పు ఆట అంటారు కదా?

జయనగర్_జాక్:

అలా అనేవాళ్ళు, ఇప్పుడు అంత గట్టిగా అనరు. 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ కలిసి చేసిన ప్లూరిబస్ అనే పోకర్ ప్రోగ్రామ్ ఆరుగురి టేబుల్ మీద నిపుణుల్ని ఓడించింది. ఆ ప్రోగ్రామ్ ఇలాంటి ముందు బెట్లు నిపుణుల కంటే ఎక్కువసార్లు వేసింది. 6-5-4 మీద బిగ్ బ్లైండ్‌కే స్ట్రెయిట్లు, రెండు జతలు ఎక్కువ. మీ వాడు తెలిసి చేస్తున్నాడో లేదో గానీ, నేల మాత్రం సరైనదే ఎంచుకుంటున్నాడు. కోపంతో లేపకండి. చిన్న బెట్ అయితే ఏస్-క్వీన్‌తో ఒకసారి కాల్ చేసి చూడొచ్చు, పెద్దదైతే పడెయ్యండి. అదే మనిషి కింగ్-7-2 మీద కూడా ముందు వేస్తుంటే అప్పుడు కథ వేరు.

కళావర్_రాజు:

తమ్ముడూ, సాధన ఎలాగో కూడా చెప్పేస్తా. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తర్వాత డబ్బుతో ఆడే యాప్‌లు ఆగిపోయాయి, వాటి మీద చేతులు లెక్కపెట్టి నేర్చుకునే దారి లేదు. దానికి యాప్ అక్కర్లేదు కూడా. ఒక పేక చాలు.

52 ముక్కల్లో మూడు తీస్తే 22,100 ఫ్లాపులొస్తాయి. గుర్తుల పేర్లు తీసేసి ఆటపరంగా వేరైనవి చూస్తే 1,755. అన్నీ కంఠస్థం చెయ్యలేం, అక్కర్లేదు. నూటికి 55 ఫ్లాపుల్లో రెండు ఒకే గుర్తు, 40 ఫ్లాపుల్లో మూడూ వేర్వేరు గుర్తులు, మిగిలిన 5 మాత్రమే మూడూ ఒకే గుర్తు. నేల మీద జత 17 సార్లు. అంటే నువ్వు ఎక్కువ కష్టపడాల్సింది రెండు ఒకే గుర్తున్న ఫ్లాపుల మీద.

ఏస్, క్వీన్ రెండూ పక్కన తీసి పెట్టుకో, మిగతా 50 కలిపి మూడు తిప్పు. అర నిమిషంలో నాలుగు మాటలు పైకి చెప్పు: ఎదురుగా ఒక్కడా, ఎక్కువమందా, నేను వెనకున్నానా, ముందా, ఈ నేల మీద రెండు జతలు, స్ట్రెయిట్లు ఎవరికి ఎక్కువ, లేపితే నేనేం చేస్తా. ఆ తర్వాత అంకె చెప్పు: చెక్, 180, 370. 'బెట్' అని ఆపెయ్యకు, అంకె చెప్పాల్సిందే. ఇరవై ఫ్లాపులు అయ్యాక చేతిలో ముక్కలు మార్చు, 8 జత పట్టుకుని మళ్ళీ ఇరవై. మొదటి రోజు ఏస్-క్వీన్‌కి 180 అన్న చోటల్లా 8 జతకీ 180 అనే అంటావు. తేడా ఎక్కడ రావాలో ఆ చోట్లు కాగితం మీద రాసి ఇక్కడ పెట్టు, చూద్దాం.

బెళ్ళందూరు_బటన్:

ఇప్పుడే పేక తీశాను. మొదటి ఫ్లాప్: డైమన్ జాక్, డైమన్ 10, ఇస్పేట్ 4. చేతిలో ఇస్పేట్ ఏస్, డైమన్ క్వీన్. ఒక్కడే, నేను వెనక. కింగ్ వస్తే స్ట్రెయిట్, 4 ముక్కలు. ఏస్, క్వీన్ పై ముక్కలు, ఇంకో 6. చేతిలో ఒక డైమన్ కూడా ఉంది. లేపితే? నాలుగు పక్కా ముక్కలు పోతాయి, కొంచెం బాధే. 370 అనాలా, చెక్ అనాలా తేలట్లేదు.

కళావర్_రాజు:

ఏస్, క్వీన్ వల్ల జాక్-10 మీద కన్నం ఒకటే కాదు, మళ్ళీ లెక్కపెట్టు. కింగ్ 4 సరే. 9, 8 కలిసి వస్తే కూడా క్వీన్ నుంచి 8 దాకా స్ట్రెయిట్, దానికి రెండు ముక్కలూ రావాలి కాబట్టి చిన్నదే, అయినా ఉంది. టర్న్‌లో 9 వస్తే కింగ్‌తో పాటు 8 కూడా కలిసి 8 ముక్కలవుతాయి. చేతిలో డైమన్ క్వీన్ ఉండటం వల్ల ఎదుటివాడి డైమన్ ఫ్లష్ డ్రాలు కొన్ని తగ్గుతాయి. ఈ చెయ్యికి బెట్ తప్పు కాదు, చెక్ కూడా తప్పు కాదు. పడేసే మనిషికి 370 వెయ్యి, మేష్టారు చెప్పిన రకానికి చెక్ చేసి కింగ్ కోసం ఉచితంగా చూడు. రెండోది తిప్పు.